మిగ్-21 గ్రూప్ బిల్డ్: ప్రదర్శనకి వచ్చే ప్రతి మోడల్‌కీ వెదరింగ్ తప్పనిసరి చేద్దామా?

ట్రంక్‌రోడ్ హంటర్ (నెల్లూరు)
అందరికీ నమస్కారం. 1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-21 యుద్ధ విమానానికి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. దాన్ని గుర్తు పెట్టుకునే మనం అందరం ఒకే విమానం ప్లాస్టిక్ మోడళ్ళు చేసే ఈ గ్రూప్ బిల్డ్ మొదలుపెట్టాం. మోడళ్ళు చివరి దశకొచ్చాయి. డిసెంబర్ 16న ఒంగోలులో స్కూలు పిల్లల ముందు టేబుల్ వెయ్యాలి. అందుకే ఒక మాట అడుగుతున్నాను. ఈసారి టేబుల్ మీద పెట్టే ప్రతి మోడల్‌కీ వెదరింగ్ ఉండాలని రూల్ పెడదాం.

కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. ఎండకి వెలిసిన రంగు, పొగ మసి, నూనె మరకలు, పెయింట్ పెచ్చులూడిన చోట్లు, ఇవన్నీ మోడల్ మీద చూపించడమే వెదరింగ్. పోయినేడు మన టేబుల్ సగం బొమ్మల కొట్టులా ఉంది. చాలామంది 1971 నాటి మిగ్-21ఎఫ్‌ఎల్ చేస్తున్నారు కదా. ఆ విమానాలు మొదట రంగు లేకుండా లోహం మెరుపుతోనే ఉండేవి. యుద్ధం ముంచుకొచ్చాక హడావుడిగా పచ్చ, మట్టి రంగులు పూశారు. 1971 డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ హౌస్ మీద రాకెట్లు వేసింది ఈ మిగ్‌లే. అట్టా పూసిన రంగు, అట్టా తిరిగిన విమానం, షోరూమ్ కారులా తళతళలాడుతూ ఉంటే పిల్లలకి మనం ఏం చెబుతున్నట్టు? నా మోడల్ ఫోటోలు నాలుగు పెట్టాను, చూడండి.

లాయర్‌పేట 48
నా ఓటు అవును.

చీమకుర్తి పాలిష్
ఫోటోలు చూశానన్నా. టేపు అంటించి రంగుల అంచులు విడదీసే మాస్కింగ్ చాలా నీట్‌గా వచ్చింది. కానీ మూడో ఫోటోలో రెక్క కింద ప్యానెల్ నుంచి వెనక్కి ఇటుక రంగు చార ఒకటి ఉంది. అది తుప్పు చార. విమానం ఒళ్ళు అల్యూమినియం మిశ్రమం. అల్యూమినియానికి ఎర్ర తుప్పు పట్టదు. తప్పు చూపించే రూల్‌ని తప్పనిసరి చెయ్యడం ఎందుకు?

స్ప్రూ కందుకూరు
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. నా 1/72 (నిజం విమానంలో 72వ వంతు సైజు) మిగ్ మీద నిన్న మెరుపునిచ్చే రంగులేని వార్నిష్, గ్లాస్ క్లియర్ స్ప్రే డబ్బాతో కొట్టాను. ఆరాక రెక్కల మీద పాలు పోసినట్టు తెల్లటి పొర వచ్చింది. ఇక్కడ మూడు రోజులుగా ముసురు. పచ్చ రంగంతా బూడిదలా కనిపిస్తోంది. మళ్ళీ మొదటినుంచి రంగు వెయ్యాలా? ఇది నా మొదటి మోడల్.

ట్రంక్‌రోడ్ హంటర్ (నెల్లూరు)
పాలిష్ తమ్ముడూ, అది తుప్పు అని నేనెక్కడా అనలేదు. హైడ్రాలిక్ నూనె కారి, దాని మీద దుమ్ము పట్టి, గాలి వేగానికి వెనక్కి సాగిన మరక. రష్యన్ జెట్‌ల కింద పొట్ట భాగం ఫోటోలు వెతికి చూడు, ఇట్టాంటి చారలు ఎన్ని కనిపిస్తాయో. ఆయిల్ పెయింట్ చుక్క పెట్టి, తడి బ్రష్‌తో గాలి దిశలో లాగాను. రెండు సాయంత్రాలు పట్టింది ఆ ఒక్క ప్యానెల్‌కి.

చీమకుర్తి పాలిష్
నేను చూసిన నూనె మరకలన్నీ నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉన్నాయి. ఇటుక రంగులో ఎక్కడా చూడలేదు. మా గ్రానైట్ యూనిట్‌లో రోజూ మెషిన్ ఆయిల్ చూస్తాను. దాని మీద గ్రానైట్ దుమ్ము పడితే బూడిద ముద్ద అవుతుంది గానీ ఎర్రబడదు.

కృష్ణపట్నం ఉప్పుగాలి
పాలిష్ చెప్పింది నిజమే. మా రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ మోటార్ల అల్యూమినియం బాడీ చూడండి. ఉప్పుగాలికి తెల్లటి పొడి పొంగుతుంది, గోరుతో గీకితే రాలుతుంది, కింద గుంటలు పడి ఉంటాయి. ఎర్ర తుప్పంతా ఇనప బోల్టులదే. సముద్రం పక్క బేస్ విమానానికి వెదరింగ్ చెయ్యాలంటే ఆ తెలుపే చూపించాలి. అలా చేసినవాళ్ళని మన గ్రూపులో నేను ఇంతవరకు చూడలేదు.

కావలి ఫిట్టర్
నేను 1974 నుంచి 20 ఏళ్ళు ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేశాను. ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

విమానం మురికిగా ఉండడం గొప్ప కాదు నాయనా. పొద్దున ఎగరకముందు ఒకసారి, దిగాక ఒకసారి, రాత్రికి మూసేముందు ఒకసారి దాని చుట్టూ తిరిగి చూసేవాళ్ళం. చేతిలో గుడ్డ ఎప్పుడూ ఉండేది. అందం కోసం తుడిచేవాళ్ళం కాదు. తుడిచిన చోట మళ్ళీ నూనె కనిపిస్తే కొత్తగా లీకు మొదలైనట్టు. తుడవకపోతే పాత మరకేదో కొత్తదేదో ఎవరికి తెలుస్తుంది? మరక వదిలేసినవాడు లీకు దాచినవాడితో సమానం అని మా సార్జెంట్ తిట్టేవాడు. పైలట్ తల మీది కానోపీ అద్దం సంగతి సరేసరి. దాని మీద ఈగ రెట్ట ఉన్నా పైలట్‌కి అది దూరంగా వచ్చే శత్రు విమానంలా కనిపిస్తుంది. ఆ అద్దం మీద దుమ్ము చల్లిన మోడళ్ళు చూస్తే నాకు కడుపు రగులుతుంది.

రంగు అరిగే చోట్లు ఉంటాయి, కాదనను. రెక్క మొదట్లో మనుషులు ఎక్కి దిగే చోట, తలుపులు రోజూ తీసి మూసే స్క్రూల చుట్టూ, ఇంధనం పోసే మూత దగ్గర అరుగుతుంది. ఒళ్ళంతా ఒకే రకంగా అరగదు. మీరు పెట్టిన ఫోటోలో మాత్రం తలనుంచి తోకదాకా ప్రతి గీత నల్లగా ఉంది.

ట్రంక్‌రోడ్ హంటర్ (నెల్లూరు)
ఫిట్టర్ గారూ, మీ సర్వీసు మీద నాకు గౌరవం ఉంది. కానీ మీరు చెబుతున్నది శాంతికాలపు ఎయిర్‌ఫీల్డ్ గురించి. రాజస్థాన్‌లో లోంగేవాలా యుద్ధం తీసుకోండి. 1971 డిసెంబర్ 5 పొద్దున్నించి జైసల్మేర్ నుంచి లేచిన హంటర్ విమానాలు ఎడారిలో టాంకుల మీద వరసగా తిరిగాయి. దిగడం, ఇంధనం పోయడం, గుళ్ళు ఎక్కించడం, మళ్ళీ లేవడం. ముక్కు కింద నాలుగు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు. అవి పేలాక ఆ కింద మసి పట్టకుండా ఉంటుందా? మధ్యలో గుడ్డ పట్టుకుని ఎవరు తుడుస్తారు? మిగ్‌కీ అంతే. ఎఫ్‌ఎల్‌లో లోపల ఫిరంగి లేదు. పొట్ట కింద జీపీ-9 అని విడిగా తగిలించేవాళ్ళు, అందులో 23 మిల్లీమీటర్ల జంట గొట్టాల ఫిరంగి. దాని మూతి దగ్గర మసి చూపించకపోతే అది ఎప్పుడూ పేలలేదన్నట్టే.

కావలి ఫిట్టర్
యుద్ధంలో ఇంకా ఎక్కువ చూస్తాం. చూడకపోతే మనిషి తిరిగి రాడు.

ఫిరంగి మూతి దగ్గర మసి పెట్టండి. నేను వద్దన్నది దాన్ని కాదు.

లాయర్‌పేట 48
ఇద్దరూ ఒకటే అంటున్నారు అనిపిస్తోంది నాకు.

స్ప్రూ కందుకూరు
ఎవరైనా చెప్పగలరా ప్లీజ్? తెల్ల పొర మీద డికాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) వేసేస్తే కప్పుకుపోతుందా?

చీమకుర్తి పాలిష్
ఒక లెక్క చెబుతాను. నిజం విమానంలో రెండు ప్యానెళ్ళ మధ్య సందు రెండు మిల్లీమీటర్లు ఉందనుకోండి. 72తో భాగిస్తే 0.03 మిల్లీమీటర్ కూడా రాదు. అది కంటికి ఆనదు. మన కిట్లలో ఆ సందుని చూపించే గీత ఎంత తక్కువ వేసుకున్నా 0.2 మిల్లీమీటర్ ఉంటుంది. దాన్ని 72తో గుణిస్తే 14 మిల్లీమీటర్ల పైన. అంటే విమానం ఒంటి మీద చిటికెన వేలు దూరేంత కాలవలు. వాటిలో నల్ల వాష్, అంటే బాగా పల్చన చేసిన రంగు, పోసి ఇంకా ఎత్తి చూపించడాన్ని నిజమైన విమానంలా ఉందని ఎట్టా అంటారు? పైగా ఇటుక రంగు చార సంగతి ఇంకా తేలలేదు.

ట్రంక్‌రోడ్ హంటర్ (నెల్లూరు)
ఆ చార వదిలెయ్ తమ్ముడూ! లెక్క ప్రకారం పోతే 1/72 మోడల్‌ని చేతి దూరంలో పెట్టుకుని చూడడమంటే నిజం విమానాన్ని 30, 40 మీటర్ల నుంచి చూడడం. ఆ దూరం నుంచి చూస్తే రివెట్లూ కనపడవు, స్క్రూలూ కనపడవు. మరి కిట్ మీదున్న రివెట్లన్నీ వాటర్ పేపర్ పెట్టి అరగదీసేస్తావా?

పొగతోట బ్రష్
నేను మామూలుగా ఇక్కడ రాయను, చదివి ఊరుకుంటాను. ఈసారి రాస్తున్నాను.

"పోయినేడు సగం టేబుల్ బొమ్మల కొట్టులా ఉంది" అని మొదటి పోస్టులో ఉంది. ఆ సగంలో నాది ఒకటి. నేను బడిలో పిల్లలకి పాఠం చెప్పి వచ్చి, వంట అయ్యాక, రాత్రి పది తర్వాత డైనింగ్ టేబుల్ మీద కూర్చుని చేస్తాను. నాకు గాలితో రంగు చల్లే ఎయిర్ బ్రష్ లేదు, దానికి గాలి పట్టే కంప్రెసర్ లేదు. మూడు బ్రష్‌లున్నాయి. పల్చగా కలిపి ఐదారు కోట్లు వేస్తాను, ఒక్కో కోటు పూర్తిగా ఆరాకే మరోటి. పోయినేడు నా మోడల్‌ని హాల్లో స్తంభం వెనక పెట్టారు. మా అబ్బాయి వచ్చి "అమ్మా, నీది ఎక్కడ?" అని రెండుసార్లు టేబుల్ చుట్టూ తిరిగాడు. వెదరింగ్ లేనివి వెనక్కి పెట్టామని తర్వాత ఎవరో చెప్పారు.

ఇప్పుడు రూల్ అంటున్నారు. వాష్, పిగ్మెంట్ పొడులు, ఆయిల్ పెయింట్లు, మ్యాట్ వార్నిష్... సీసా ఒక్కోటి నాలుగైదు వందలు. తప్పనిసరి అనే మాట రాసేముందు అది ఎవరి మీద పడుతుందో చూశారా?

కృష్ణపట్నం ఉప్పుగాలి
మేడమ్ చెప్పినదానికి నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. రూల్ వద్దు.

ట్రంక్‌రోడ్ హంటర్ (నెల్లూరు)
మేడమ్, స్తంభం వెనక పెట్టింది నేను కాదు. టేబుల్ సర్దింది వేరేవాళ్ళు. డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నా కంప్రెసర్ నేను నాలుగేళ్ళుగా ఎవరడిగినా ఇస్తూనే ఉన్నాను. ఒకాయన పట్టుకెళ్ళి ఏడు నెలలకి తిరిగిచ్చాడు, నీళ్ళ ట్రాప్ పగిలి ఉంది. నేనొక్క మాట అనలేదు. వాష్ కొనక్కర్లేదు, నల్ల ఆయిల్ పెయింట్ ట్యూబు ఒక్కటి తెచ్చి టర్పెంటైన్‌లో కలిపితే పదిమందికి సరిపోతుంది. ఎన్నిసార్లు చెప్పాను ఈ మాట! వినేవాళ్ళు ఎవరు?

ప్రతి ఆదివారం మా మేడ మీద కూర్చునేవాళ్ళం. 2019లో ఏడుగురం. మా ఆవిడ ఉప్మా చేసి పంపేది. ఒకరు రెక్కలు అతికిస్తుంటే ఒకరు పుట్టీ రుద్దేవాళ్ళు, ఇంకొకరు చక్రాలకి రంగు వేసేవాళ్ళు. ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకునేవాళ్ళం. కరోనా తర్వాత ఒక్కొక్కరే తగ్గారు. ఇప్పుడు అందరూ ఎవరింట్లో వాళ్ళు యూట్యూబ్ చూసి చేసుకుని, ప్రదర్శన రోజు అట్టపెట్టెలో తెచ్చి పెట్టి వెళ్ళిపోతున్నారు. నేను ఈ ఏడాది 14 ఆదివారాలు టేబుల్ వేసుకుని ఒక్కడినే కూర్చున్నాను. లెక్కపెట్టాను. వెదరింగ్ తప్పనిసరి అంటే, రానివాళ్ళు నేర్చుకోవడానికైనా వస్తారు కదా అనుకున్నాను. అంతే. చెప్పేశాను.

లాయర్‌పేట 48
అన్నా, ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పుంటే పోయేది.

కావలి ఫిట్టర్
నేను రావడం మానేసింది మోకాళ్ళ వల్ల. మీ మేడ మెట్లు 22. ఎక్కగలిగినా దిగలేను. కింద వరండాలో వేస్తే కావలి నుంచి ప్యాసింజర్ ఎక్కి వస్తాను.

పొగతోట బ్రష్
హంటర్ గారూ, ఆదివారాల మాట మీరే ఎత్తారు కాబట్టి నేనూ చెబుతాను. నేను ఎందుకు మానేశానో మీకు నిజంగా తెలియదా?

మీ మేడ మీద నేను నాలుగు ఆదివారాలు వచ్చాను. నాలుగో వారం నా నాట్ యుద్ధ విమానం మోడల్ తెచ్చాను. 1/72, అరచేతిలో పట్టేంత విమానం. శ్రీనగర్ మీద 1971 డిసెంబర్ 14న నాట్‌తో పోరాడి ప్రాణమిచ్చిన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ కోసం చేశాను. వైమానిక దళంలో పరమవీర చక్ర ఆయనొక్కరిదే. రెక్కల మీద మూడు రంగుల చక్రాలు వేసి అరగంట కూడా కాలేదు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోపు మీరు దాన్ని తీసుకుని, "ఇది ఇంకా పచ్చిగా ఉంది మేడమ్, ప్రాణం పోస్తా చూడండి" అని ఒళ్ళంతా గోధుమ రంగు వాష్ పూసేశారు. నన్ను అడగలేదు. అందరూ బాగుందన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికెళ్ళి రాత్రి ఒంటిగంట దాకా చెవి పుల్లలతో, థిన్నర్‌తో తుడిచాను. ఎడమ రెక్క మీద చక్రం చిరిగింది. తెల్ల వలయంలో గోధుమ రంగు ఎక్కి ఇక పోలేదు. ఆ కిట్‌లో రెండో డికాల్ షీటు ఉండదు కదా.

బాగోలేదని కాదు. మీరు వేసింది బాగానే ఉండుండొచ్చు. అది నా విమానం.

చీమకుర్తి పాలిష్
ఆ రోజు నేనూ ఉన్నాను. బాగుందన్నవాళ్ళలో నేనూ ఒకడిని. మేడమ్, నాకు తెలియలేదు.

ట్రంక్‌రోడ్ హంటర్ (నెల్లూరు)
మేడమ్, మొదట చదివినప్పుడు నాకు గుర్తు రాలేదు. రెండోసారి చదివితే వచ్చింది. పసుపు స్టాండ్ మీద పెట్టారు మీరు దాన్ని. నేను సాయం చేస్తున్నాననే అనుకున్నాను, మీ మొహం చూడలేదు. తప్పు నాదే. ఆ సైజు చక్రాల డికాల్స్ నా దగ్గర పాత షీటులో మిగిలున్నాయి. కావాలంటే పంపిస్తాను. అంటించడం మీరే.

అయినా ఒక మాట అంటాను. ఒకరి పని మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు, నోరు కూడా ఎత్తకూడదు అంటే మరి కలిసి కూర్చోవడం ఎందుకు? నేను నేర్చుకున్నదంతా ఎవరో ఒకరు నా మోడల్ లాక్కుని "ఇట్టా కాదురా" అని చూపిస్తేనే వచ్చింది.

పొగతోట బ్రష్
నోరు ఎత్తండి. ఎంతైనా చెప్పండి. చెయ్యి వేసేముందు అడగండి. ఈ రెండింటికీ మధ్య చాలా చోటుంది.

డికాల్స్ పంపండి. థాంక్స్.

కావలి ఫిట్టర్
హ్యాంగర్‌లో కూడా అంతే. ఇంకొకడు సంతకం పెట్టిన విమానం మీద చెప్పకుండా స్పానర్ పెడితే వాడికి శిక్షే. చిన్న బోల్టు బిగించినా, బిగించానని రాసి సంతకం పెట్టాలి.

కృష్ణపట్నం ఉప్పుగాలి
అందరికీ ఒక మాట. పైకి వెళ్ళి చూడండి. కందుకూరు నుంచి ఒక అబ్బాయి తన మొదటి మోడల్ పాడైందని రెండుసార్లు అడిగాడు. పొద్దున్నించి అంతా ఇటుక రంగు చార గురించి రాశాం, వాడికి ఒక్కరూ జవాబివ్వలేదు. నేనూ ఇవ్వలేదు. ఆదివారాలకి ఎవరూ రావట్లేదని బాధపడుతున్నాం, వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

స్ప్రూ కందుకూరు
పర్వాలేదు సార్. నేను రంగు కరిగించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మొత్తం తుడిచేద్దామని గిన్నెలో పోసి పెట్టుకున్నాను. ఇంకా మొదలుపెట్టలేదు.

ట్రంక్‌రోడ్ హంటర్ (నెల్లూరు)
ఆగు, తుడవొద్దు! గిన్నె పక్కన పెట్టెయ్. నీ రంగు పాడవ్వలేదు.

అది తేమ పని. ముసురులో స్ప్రే చేస్తే థిన్నర్ గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో చెమ్మ దాని మీద పడి, క్లియర్ పొరలో ఇరుక్కుంటుంది. అందుకే పాలలా కనిపిస్తోంది. మన తీరంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అందరికీ ఈ తలనొప్పి ఉంటుంది, నాకు ఎన్నిసార్లు వచ్చిందో. దాని మీద డికాల్స్ మాత్రం ఇప్పుడు వెయ్యకు. తెలుపు అడుగున అట్టాగే ఉండిపోతుంది.

వాన వెలిసి ఎండ కాసే రోజు కోసం ఆగు. మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య చెయ్యి. డబ్బాని గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచు. పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకు, పేలుతుంది. ముందు ఒక ప్లాస్టిక్ స్పూన్ మీద కొట్టి చూడు. అది తేటగా ఆరితే, అదే క్లియర్‌ని మోడల్ మీద ఒక పల్చటి పొర, ఊరికే తడిసేంత. కొత్త పొరలోని థిన్నర్ పాతదాన్ని కొంచెం కరిగిస్తుంది, చెమ్మ బయటికి పోతుంది, పచ్చ రంగు మళ్ళీ పైకి తేలుతుంది. ఒకేసారి పోకపోతే గంట ఆగి ఇంకొకటి. తర్వాత రెండు రోజులు ఆరనిచ్చి అప్పుడు డికాల్స్.

ఫోటో పెట్టు. నీ మోడల్ మీద ఏం చెయ్యాలో నువ్వే చెయ్యి, నేను చూసి చెబుతాను.

స్ప్రూ కందుకూరు
చాలా థాంక్స్ సార్. ఇప్పుడే మబ్బు కొంచెం విడిచింది. రేపు ఎండ వస్తే చేస్తాను. వెదరింగ్ నాకు రాదు, అది లేకుండా తీసుకురావచ్చా?

ట్రంక్‌రోడ్ హంటర్ (నెల్లూరు)
తీసుకురా. రూల్ సంగతి ఇక్కడ తేల్చను. ఈ ఆదివారం పది గంటలకి మా ఇంట్లో, కింద వరండాలో మాట్లాడదాం. ఫిట్టర్ గారూ, స్టేషన్‌కి స్కూటర్ మీద వస్తాను. మేడమ్, మీరు కూడా రావాలి. నా అభిప్రాయం మాత్రం మారలేదు, 1971 మిగ్ తళతళలాడకూడదు.

పొగతోట బ్రష్
ఈ ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దాలి. పై వారం చూస్తాను.

చీమకుర్తి పాలిష్
వాటర్ పేపర్ 1500, 2000 నంబర్లు నేను తెస్తాను, ఎవరూ కొనొద్దు. హంటర్ అన్నా, ఆ మూడో ఫోటో మోడల్ కూడా కిందికి దింపి పెట్టు. చార వెలుతురులో చూద్దాం.